షాపు చేతులు

నా బావమరిది కుడిచెయ్యి విరగ్గొట్టింది నేనే. మోచేతి కింద, రెండు ఎముకలూ. పట్టపగలు, వాడి షాపులో, వాడి పెళ్లాం చూస్తుండగా. రొయ్యల కోసం.

తినే రొయ్యలు కావు. వేలిగోరంత ఉంటాయి. అద్దాల తొట్టిలో, నాచు మధ్య, పొద్దస్తమానం బుల్లి బుల్లి చేతులతో ఏదో ఏరుకుని నోట్లో పెట్టుకుంటూ ఉంటాయి. మా ఆవిడ పదకొండేళ్లు పెంచింది. చేపల షాపాయన మొదట ఇచ్చినవి పది. కడిగిన ఇటుక రంగులో ఉండేవి, కాస్త దూరం నుంచి చూస్తే కనపడేవే కావు. ఆవిడ ప్రతి కాన్పుకీ పిల్లల్ని ఏరేది. ఎరుపు చిక్కగా ఉన్నవి తొట్టిలో ఉంచేది, పాలిపోయినవి తీసేసేది. ఏరగా ఏరగా పదకొండేళ్లకి ఆ రంగు వచ్చింది. కత్తికి తెగిన వేలి నుంచి మొదట వచ్చే చుక్క ఉంటుంది చూడండి, ఆ రంగు.

పాలిపోయినవాటిని నేనైతే కాలవలో పారబోసేవాణ్ని. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. రంగు తక్కువైతే ప్రాణం తక్కువా అంది. వాటిని సీసాలో పోసి తమ్ముడికి పంపేది. వాడి షాపులో ఒక మూల ఇంకో తొట్టి ఉండేది, అక్క వద్దన్నవాటితో నిండి.

నాది మోటార్లకు వైండింగు చేసే పని. కాలిపోయిన మోటారు తెస్తారు. లోపలి పాత రాగి తీగను ఉలి పెట్టి నరుకుతాను, కొక్కెం వేసి పీకుతాను, కొత్త తీగ చుడతాను, వార్నిషు పోసి ఆరబెడతాను. ముప్పై నాలుగేళ్లుగా అదే. వీధిలో నన్ను షాకు అంటారు, వెనకాల. ఎదురుగా అన్నవాడు ఇంతవరకు లేడు. బావమరిదిది అద్దాలు కోసే షాపు. వాణ్ని డైమండు అంటారు, అద్దం గీసే పనిముట్టు పేరే వాడికి పెట్టారు. వాణ్ని ఎదురుగానే అంటారు, వాడు పలుకుతాడు కూడా. అదీ మా ఇద్దరికీ తేడా.

మా ఆవిడ తొట్టి చేసింది వాడే. అయిదు పలకలు కోసి, అంచులు అరగదీసి, సిలికాన్ పెట్టి అతికాడు. పదకొండేళ్లలో ఒక్క చుక్క కారలేదు.

ఆ తొట్టిలో నన్ను చెయ్యి పెట్టనిచ్చేది కాదు ఆవిడ. "నీ షాపు చేతులు పెట్టకు" అనేది. కడుక్కున్నాను అంటే, కడుక్కున్నా పెట్టకు అనేది. అన్నం వండి పెట్టిన మనిషి, పక్కన పడుకున్న మనిషి, నా చేతుల్ని అసహ్యించుకుంటోంది అనుకున్నాను. వార్నిషు మరకలు పోవు, గోళ్లలో నలుపు పోదు. పదకొండేళ్లు ఆ మాట లోపల పెట్టుకున్నాను. నేను ఏదీ మర్చిపోయే రకం కాదు.

ఈ గొడవకి ఎనిమిది నెలల ముందు ఆవిడ పోయింది. కడుపులో గడ్డ. నొప్పి అంటే గ్యాసు అన్నాను నేను. మాత్ర తెచ్చిచ్చాను. తగ్గలేదంటే అదే మాత్ర ఇంకొకటి వేసుకోమన్నాను. అట్లా రెండు నెలలు. పెద్ద డాక్టరు చూసేసరికి చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

పోయిన మర్నాడు, ఇల్లు కడుగుతుంటే, బావమరిది తొట్టి ముందు నిలబడి అన్నాడు. "ఇది నాకివ్వు బావా. నీ చేతిలో ఏదీ బతకదు."

ఇవ్వలేదు. ఆ మాట తర్వాత ఎట్లా ఇస్తాను. ఇంట్లో ఇంకేదీ పట్టించుకోలేదు గాని ఆ తొట్టిని మాత్రం చూసుకున్నాను. ఆవిడ చేసినట్టే పొద్దున చిటికెడు మేత, వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి, ముందే పట్టి ఉంచిన డ్రమ్ములో నుంచి కొత్త నీళ్లు. సన్న గొట్టంతో, చుక్క చుక్కగా. చెయ్యి పెట్టలేదు, అన్నీ ఆవిడ పొడుగు పట్టకారుతోనే. ఎనిమిది నెలల్లో రొయ్యలు పెరిగాయే గాని తగ్గలేదు. రెండు వందలు దాటాయి. వాడు నెలకోసారి ఆదివారం వచ్చి చూసి వెళ్లేవాడు. ఒక్కసారి కూడా బాగున్నాయి బావా అనలేదు.

గొడవ మొదలైంది అట్లాంటి ఆదివారమే. వచ్చాడు. భుజాన సంచిలో వాడి షాపు సీసా, అద్దం మీద చల్లి తుడిచే నీలం మందు. నేను లోపల గడ్డం గీసుకుంటున్నాను. నేను వచ్చేసరికి తొట్టి అద్దాన్ని బయట నుంచి తళతళ మెరిసేలా తుడిచాడు, గుడ్డ మడిచి స్టూలు మీద పెట్టాడు, లోపలికి వంగి చూస్తున్నాడు. అద్దం శుభ్రం చేస్తే లోపల మురికి కనపడుతుందిగా, అది వాడి పద్ధతి.

నాచు రాళ్ల మీద నుంచి ఊడిపోయి పైకి తేలుతోంది. అక్క దారంతో కట్టేది, దారం కుళ్లిపోయింది, నీకు కనపడలేదా లేక కనపడినా పట్టలేదా అని అడిగాడు. నాచు లేకపోతే పిల్లలు దాక్కోడానికి చోటుండదు, పెద్దవి తొక్కేస్తాయి అన్నాడు. తర్వాత, వెళ్తూ వెళ్తూ, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. మోటారు అయితే ఈ పాటికి పది సార్లు విప్పి చూసేవాడు మా బావ.

గడ్డం సగంలో ఉంది. నురగ తుడుచుకుని షాపుకి పోయాను.

ముప్పై నాలుగేళ్లు కాయిలు చుట్టినవాడికి రాయికి నాచు కట్టడం ఒక లెక్కా. దారం కుళ్లుతుంది. తీగ కుళ్లదు. సన్న రకం తెచ్చాను, వెంట్రుక కంటే కాస్త లావు, పైన ఎనామిల్ పూత. నీళ్ల మోటారులో ఏళ్ల తరబడి ఉండే తీగ. ఇంటికి వచ్చి చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగాను. ఆవిడ మాట గుర్తుంది మరి. తొమ్మిది రాళ్లు పట్టకారుతో తీసి పళ్లెంలో పెట్టాను. ఒక్కో రాయికి నాచు పరిచి ఎనిమిది చుట్లు, చుట్టుకీ చుట్టుకీ ఒకే దూరం. కొన తుంచి, బ్లేడుతో గీకి, పట్టకారుతో మెలిపెట్టి, రాయి కిందకి నొక్కేశాను. తొమ్మిదీ అట్లాగే. సాయంత్రానికి తొట్టిలో పెట్టి చూస్తే బొమ్మలా ఉంది. ఆవిడ కూడా అంత నీటుగా కట్టలేదు. ఇప్పుడు రారా అనుకున్నాను.

బుధవారం ఒకటి చచ్చింది. చచ్చిన రొయ్య ఎరుపు ఉండదు, ఉడికినట్టు లేతగులాబీ రంగుకి తిరుగుతుంది. నేను చూసేసరికి మిగతావి దాని చుట్టూ మూగి పీక్కు తింటున్నాయి. వాటి తప్పేమీ లేదు. ఆ పని మనుషులూ చేస్తారు, కాకపోతే మనవాళ్లు చచ్చేదాకా ఆగరు.

గురువారం ఆరు. శుక్రవారం నేను లెక్క మానేశాను. బతికున్నవి పిచ్చెత్తినట్టు ఈదుతున్నాయి, అద్దానికి తలలు కొట్టుకుంటున్నాయి. కొన్ని వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి, అవి చావడానికి గంట పట్టింది, కొన్నిటికి పూట పట్టింది. గుడ్లున్న తల్లులు పొట్ట కింద గుడ్లను కాళ్లతో తన్ని రాల్చేశాయి. పసుపు గుడ్లు ఇసుక మీద పడి ఉంటే పక్కనున్నవి వాటినీ తిన్నాయి. నేను కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ ఆఖరి పది రోజులూ అట్లాగే కూర్చున్నాను. కూర్చోవడం తప్ప నాకేమీ రాదని అప్పుడే తెలిసింది.

సగం నీళ్లు మార్చాను. శనివారం రెండే చచ్చాయి. అంటే విషం నీళ్లలో ఉంది. ఎనిమిది నెలలు లేని విషం ఈ వారమే ఎట్లా వచ్చింది. తొట్టి దగ్గరికి నేను కాక వచ్చిందెవడు. స్టూలు మీద వాడు మడిచి పెట్టిన గుడ్డ అట్లాగే ఉంది. తీసి వాసన చూశాను. ముక్కు మండింది.

ఆదివారం మళ్లీ మొదలైంది. సోమవారం పొద్దునకి తొట్టి అడుగంతా గులాబీ రంగు. ఆవిడ వల పెట్టి తోడితే టీ గ్లాసు నిండింది.

మొదట చెయ్యి జారి మందు పడిందేమో అనుకున్నాను. తర్వాత, కాదు, నాకివ్వని తొట్టి వీడికెందుకని పోశాడు అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగే అలవాటు లేదు నాకు. మా ఊరి ఒంటిగది బడిలో పంతులు, తప్పు ఎవరిదో తేలకపోతే అందరినీ కొట్టేవాడు. నేను ఆయన కంటే నయం, ఒక్కణ్నే కొట్టాలనుకున్నాను. ఎడమ చేతిలో గ్లాసు, కుడి చేతిలో ఉలి మీద కొట్టే సుత్తి. వాడి షాపు రెండు వీధుల అవతల. దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించారు. సుత్తి చూసి ఎవరిదో మోటారు బిగుసుకుపోయింది అనుకుని ఉంటారు.

వాడు బల్ల మీద పెద్ద పలక పరిచి గీస్తున్నాడు. వాడి పెళ్లాం, నాకు చెల్లెలి వరస, గోడ పక్కన అద్దాలకు చట్రాలు తుడుస్తోంది. రా అన్నయ్యా అంది. నేను గ్లాసు పలక మీద బోర్లించాను.

వాడు చాలాసేపు చూశాడు. వేలితో ఒకదాన్ని కదిపాడు.

"అన్నీనా" అన్నాడు.

గొంతు బొంగురుపోయింది వాడికి. అది నటన అనుకున్నాను.

"సీసాలో మందు ఎంత పోశావురా?"

"బయట తుడిచాను బావా. లోపల ఒక్క చుక్క పడలేదు. నా చేత్తో చేసిన తొట్టి అది, నాకు తెలీదా." తర్వాత తల ఎత్తి నా మొహం చూశాడు. "నేను ఆ రోజే చెప్పాను. నీ చేతిలో..."

మాట పూర్తి కానివ్వలేదు. గ్లాసు పట్టిన చేత్తోనే మూతి మీద కొట్టాను. గ్లాసు పగిలింది. వాడి పెదవి రెండుగా చీలింది, ఒక పన్ను పలక మీద పడి జారింది. వాడు వెనక్కి తగ్గి గోడకున్న నిలువుటద్దానికి కొట్టుకున్నాడు. నెత్తురు దాని మీద చిందింది. అద్దాల షాపు కదా, ఎటు చూసినా నేనే. సుత్తి పట్టుకుని, నోరు తెరుచుకుని, పది మంది నేనులు. ఒక్కడూ ఆగమనలేదు.

మూల వాడి తొట్టి. అందులో పాలిపోయినవి, ఆవిడ వద్దన్నవి, ఏ బాధా లేకుండా ఏరుకు తింటున్నాయి. ఎర్రవన్నీ చచ్చాక ఇవెందుకు బతకాలి అనిపించింది. సుత్తి ఎత్తాను.

వాడు వచ్చి అడ్డం పడ్డాడు. తల కాపాడుకోలేదు. తొట్టికి చెయ్యి అడ్డం పెట్టాడు. సుత్తి ఆగలేదు, నేను ఆపలేదు. పచ్చి కొమ్మ విరిగిన చప్పుడు అయింది. చెయ్యి మధ్యలో కొత్త కీలు పుట్టినట్టు వేలాడింది. అప్పుడైనా ఆపవచ్చు. వాడు పక్కకి ఒరిగాడు కాబట్టి దారి దొరికింది, రెండో దెబ్బ తొట్టికి వేశాను.

నీళ్లు మోకాళ్ల మీదుగా వచ్చాయి. నాచు, ఇసుక, గాజు, రొయ్యలు, అన్నీ నేల మీద. నేను వాటి మీద నడిచాను. కాళ్ల కింద చిటపటమన్నవి గాజు ముక్కలో రొయ్యలో తెలియదు. రెండూ అయ్యుంటాయి. చెల్లెలు అద్దం కొలిచే పొడుగు బద్దతో నా మెడ మీద కొట్టింది, బద్ద విరిగేదాకా. ఏడవలేదు, అరవలేదు. కొట్టే పని మీదే ఉంది. పక్క షాపు దర్జీ, ఇంకెవరో వచ్చి నన్ను బయటికి ఈడ్చారు.

ఈడుస్తుంటే వాడి మాట వినపడింది. నేల మీద కూలబడి, వేలాడే చేతిని ఒళ్లో పెట్టుకుని, పెళ్లాంతో అన్నాడు. "ముందు వాటిని ఎత్తవే. ఎముక ఎక్కడికీ పోదు."

నేను షాపుకి వెళ్లి ఆ రోజు రెండు మోటార్లు కట్టాను. చెయ్యి వణకలేదు. ఆ సంగతి గొప్ప కోసం చెప్పడం లేదు. వణికి ఉంటే బాగుండేది.

మంగళవారానికి తొట్టిలో నాలుగు మిగిలాయి. ఒకదాని పొట్ట కింద ఇంకా గుడ్లున్నాయి. ఆ నాలుగూ పోతే ఆవిడ పదకొండేళ్లూ పోయినట్టే. అప్పుడు కదిలి చేపల షాపాయన దగ్గరికి పోయాను. అడిగే అలవాటు అంత ఆలస్యంగా వచ్చింది నాకు.

ఆయన వరసపెట్టి అడిగాడు. దోమల మందు కొట్టారా. లేదు. కొత్త చెక్క పెట్టారా. లేదు. నేను అద్దాల మందు సంగతి చెప్పాను. ఆయన పెదవి విరిచాడు. బయట తుడిస్తే ఏం కాదు, పైగా అదైతే ఒక్క రోజులో అన్నీ పోయేవి, రోజుకిన్ని అని పోవు అన్నాడు. ఇట్లా నెమ్మదిగా పోతున్నాయంటే లోపలే ఏదో ఉండి కొంచెం కొంచెంగా కరుగుతోంది అన్నాడు.

"రాగి ఏమైనా తగిలిందా?" అన్నాడు. "చేపలు తట్టుకుంటాయి. వీటికి రాగి ఆవగింజంత చాలు. అమ్మగారికి మొదటి రోజే చెప్పాను కదా, మీ ఇంటాయన పని రాగితో, ఆయన్ని మాత్రం చెయ్యి పెట్టనివ్వకండి అని."

ఆయన ఇంకా ఏవో చెప్తున్నాడు. మిగిలినవాటిని వెంటనే వేరే నీళ్లలోకి మార్చమంటున్నాడు, తొట్టిలో ఇసుకా, నీళ్లు వడకట్టే స్పాంజీ అన్నీ పారెయ్యమంటున్నాడు. ఆయన పెదాలు కదలడం చూశాను.

నీ షాపు చేతులు పెట్టకు. రాగి అని ఒక్క మాట కలిపి ఉంటే సరిపోయేది. అనే ఉంటుంది. ఆవిడ చెప్పినవాటిలో నేను విన్నవి తక్కువ. నొప్పి అని కూడా చాలాసార్లే చెప్పింది.

ఇంటికి వచ్చి రాళ్లు తీశాను. ఈసారి పట్టకారు వాడలేదు, చెయ్యే పెట్టాను. ఇక చెయ్యి దాచి ఏం లాభం. చుట్లు చెక్కుచెదరలేదు, ఎనామిల్ అట్లాగే మెరుస్తోంది. రాయి తిప్పి కింద మెలిక చూశాను. గీకిన చోట తీగ నల్లబడి, అంచున పచ్చగా బూజులా పట్టింది. తొమ్మిది రాళ్లు, పద్దెనిమిది కొనలు. పద్దెనిమిదీ అంతే.

గీకాల్సిన అవసరమే లేదు అక్కడ. కరెంటు పోవాలంటే గీకాలి, పూత తీసి రాగికి రాగి తగిలించి మెలిపెట్టాలి. నాచుకి కరెంటు ఎందుకు. ముప్పై నాలుగేళ్ల అలవాటు. తీగ తెగితే కొన గీకాల్సిందే, నేను చెప్పకపోయినా చెయ్యే గీకేస్తుంది. నున్నగా, ఎర్రగా, రాగి మెరిసేదాకా. గీక్కపోతే నాకు పని అయినట్టే ఉండదు.

నాలుగింటినీ బకెట్లోకి మార్చాను. మూడు సాయంత్రానికి పోయాయి. తల్లి పొద్దున దాకా ఉంది.

రాళ్లలో ఒకటి జేబులో వేసుకుని బావమరిది ఇంటికి పోయాను. షాపు వెనకే ఇల్లు. గుమ్మంలో చెల్లెలు నిలబడింది, చేతిలో కొత్త బద్ద. లోపలికి రానిస్తుందని నేనేమీ అనుకోలేదు. నేను కొట్టినవాడితో మాట్లాడాలి, తర్వాత నువ్వు కొట్టుకో అన్నాను. కాసేపు చూసి పక్కకి జరిగింది.

వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి సిమెంటు కట్టు, పెదవికి కుట్లు. మంచం పక్కన బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బు. అందులో నాచు ముద్ద, దాని మీద పాలిపోయిన రొయ్యలు. ఎన్ని అని అడిగాను. ఇరవై ఆరు అంది చెల్లెలు. ఆస్పత్రికి బయల్దేరే ముందు గంట సేపు చెంచాతో ఏరిందట. మొగుడు ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, అదుగో అక్కడొకటి, బల్ల కింద ఇంకొకటి అని చూపిస్తూ కూర్చున్నాడట. వాడి తొట్టిలో ఉన్న మూడు వందల్లో ఇరవై ఆరు.

డొంకతిరుగుడుగా చెప్పడం నాకు రాదు.

"మందు కాదురా. తీగ. నేనే కట్టాను" అన్నాను. రాయి వాడి ఎడమ చేతిలో పెట్టాను.

వాడు రాయి అటూ ఇటూ తిప్పాడు. మెలిక దగ్గర గోరుతో గీరి చూశాడు. వాడు కూడా పనివాడే, చూడగానే తెలిసింది.

"కట్టు మాత్రం బాగుంది బావా. ఇరవయ్యేళ్లయినా ఊడదు" అన్నాడు. తర్వాత ఆ రాయి నా మొహం మీదికి విసిరాడు.

ఎడమ చెయ్యే. అయినా గురి తప్పలేదు. కనుబొమ మీద తగిలి చీలింది, కంట్లోకి నెత్తురు కారింది. నేను తుడుచుకోలేదు. చెల్లెలు గుడ్డ ఇవ్వలేదు.

కేసు పెట్టుకో అన్నాను. నవ్వబోయి కుట్లు లాగితే ఆగిపోయాడు. కేసు పెడితే ఎందుకు కొట్టాడని అడుగుతారు, రొయ్యల కోసమని చెప్పాలి, స్టేషన్లో అందరూ నన్ను చూసి నవ్వుతారు, దెబ్బలు నావీ నవ్వులూ నావేనా అన్నాడు. ఆస్పత్రిలో పలక మీద పడిందని చెప్పాడట.

"ఇవి టబ్బులో నెల బతకవు. తొట్టి కావాలి. చేసే చెయ్యి నువ్వు విరగ్గొట్టావు. నీవి రెండూ బాగానే ఉన్నాయిగా" అన్నాడు.

మర్నాడే మొదలుపెట్టాను. చెల్లెలు గిన్నెలు కడిగే రబ్బరు తొడుగులు తెచ్చి బల్ల మీద పడేసింది. తొడుక్కో, నీ షాపు చేతులతో ముట్టుకోకు అంది. ఆ మాట ఆమె నోట ఎట్లా వచ్చిందో నేను అడగలేదు. ఆవిడ చెప్పి ఉంటుంది. అందరికీ చెప్పింది.

అద్దం కోయడం నేను అనుకున్నంత తేలిక కాదు. గీసే పనిముట్టు చక్రాన్ని కిరసనాయిలులో ముంచి, బద్ద ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే గీత. ఆగకూడదు, రెండోసారి గీయకూడదు. తర్వాత గీతను బల్ల అంచుకి పెట్టి ఒక్క విరుపు. నేను మొదటి పలక నొక్కి నొక్కి ముక్కలు చేశాను. రెండోదీ అంతే. మూడోది విరిచేటప్పుడు అరచేయి తొడుగుతో సహా తెగింది. వాడు స్టూలు మీద కూర్చుని, కట్టు మెడకు వేలాడదీసుకుని, ఒక్కో పలకకీ ఒక్కో మాట అన్నాడు. మోటారు కాదు బావా ఉలి పెట్టి నరకడానికి అన్నాడు. అద్దం మీద కోపం చూపిస్తే అద్దం నీకే తిప్పి చూపిస్తుంది అన్నాడు. అక్క నీతో ముప్పై ఏళ్లు ఎట్లా వేగిందో ఈ పలక చెప్తోంది అన్నాడు. ఇంకొకడైతే నేను ఊరుకునేవాణ్ని కాదు. పలకలు మార్చుతూ పోయాను. అయిదు పలకలు దక్కేసరికి పదకొండు విరిగాయి.

సిలికాన్ ఆరడానికి వారం. నీళ్లు పోస్తే ఒక మూల చెమర్చింది. విప్పి, గీకి, మళ్లీ పెట్టమన్నాడు. ఈసారి గీకడం పనికొచ్చింది. ఇంకో వారం. మూడో వారానికి నిలిచింది. చెల్లెలు దారంతో నాచు కట్టింది, వదులుగా, వంకరటింకరగా. టబ్బులోవి పందొమ్మిది మిగిలాయి. ఆమే చెంచాతో వదిలింది. నేను దగ్గరికి వంగితే వాడు ఒకే మాట అన్నాడు. "బావా, చేతులు."

చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఇది జరిగి ఏడాది దాటింది. వాడి కట్టు విప్పారు గాని చెయ్యి తిన్నగా రాలేదు. చిన్న పలకలు గీస్తాడు, పెద్దవాటికి గీత వంకర పోతుంది. ఆదివారాలు పెద్దవి నేను గీస్తాను. వాడు పిలవడు, నేను అడగను, వెళ్లి తొడుగులు వేసుకుంటాను. నీ చేతిలో ఏదీ బతకదన్న మాట నేను క్షమించలేదు. అబద్ధమైతే క్షమించేవాణ్ని.

ఆ పందొమ్మిదీ పిల్లలు పెట్టాయి. అన్నీ పాలిపోయినవే, కడిగిన ఇటుక రంగు. పోయిన నెల ఒక పిల్ల, నాచు అడుగున, కొంచెం ఎర్రగా కనపడింది. కొంచెమే. ముందు చెల్లెలు చూసింది. ఇట్లాంటివాటినే ఏరుకుంటూ పోవాలి, అక్క రంగు రావాలంటే పదేళ్లు పడుతుంది అన్నాడు వాడు. నాకు అరవై రెండు. నాలుగు నాకివ్వు, కొత్త తొట్టి పెడతాను అన్నాను.

"ఇవ్వను బావా. చూడాలంటే వచ్చి చూడు" అన్నాడు.

వెళ్తున్నాను. పలకలు గీయడం అయ్యాక తొట్టికి మూరెడు దూరంలో, చేతులు వెనక పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో మణికట్టు పట్టుకుని నిలబడతాను. మా ఊరి బడిలో తప్పు చేసినవాళ్లం పంతులు ముందు అట్లాగే నిలబడేవాళ్లం. ఆయన కాసేపటికి బెత్తంతో నాలుగు వేసి పంపేసేవాడు. వీళ్లు ఏమీ అనరు.